మిగులెంత? బ్రాండెడ్ కంప్యూటరులో గ్రాఫిక్స్ కార్డు మార్పిడి

సికింద్రాబాదు పార్కులేనులో, జనులు సీటీసీ యని పిలుచుకొను చెనాయ్ ట్రేడ్ సెంటరులో తిరుగాడువారికి, దుకాణముల ముందర ఒకదానిపై నొకటిగా పేర్చిన నల్లని పెట్టెలు కనబడును. ఒకనాడు అవి ఏదో కార్యాలయమున వరుసలు తీరి కూర్చుండి, లెక్కలు వేయుచు ఉత్తరములు వ్రాయుచు కొలువు చేసి, గడువు తీరగనే మూటగా అమ్ముడుపోయినవి. వానికి దుమ్ము దులిపి, క్రొత్త ఎస్‌ఎస్‌డీ యొకటి తగిలించి, రీఫర్బిష్డ్ అను బిరుదమిచ్చి, దుకాణదారులు మరల అమ్మజూపుదురు. వెల తక్కువ, గట్టితనము ఎక్కువ; చదువుకొను పిల్లలున్న యిండ్లకు ఇంతకంటె ఉపకారియైన వస్తువు నేటి బజారులో అరుదు. ఐతే ఆ పెట్టె యింటికి వచ్చిన రెండు వారములకే పిల్లవాడు అడుగు ప్రశ్న యొకటి కలదు: దీనిలో గ్రాఫిక్స్ కార్డు వేయవచ్చునా?

ఈ ప్రశ్నకు ఊరిలో వినవచ్చు సమాధానములు రెండు. వేసేయ్, ఏమీ కాదు అనువారు కొందరు. దండుగ, ఆ డబ్బుకు వేరే సిస్టమ్ వస్తుంది అనువారు కొందరు. ఉభయులును అనుభవముతోనే మాటలాడుచున్నారు. కాని వారు వేరువేరు పెట్టెలను మనస్సున నుంచుకొని మాటలాడుచున్నారన్న సంగతి వారికే తెలియదు. మన బజారు పరిభాషలో కంప్యూటరులు రెండు జాతులు, అసెంబుల్డు, బ్రాండెడు. మొదటిది కొనువాడు భాగములను విడివిడిగా ఏరి కూర్పించుకొన్నది. రేపటి అవసరమునకై దానిలో కొంత చోటును కొంత బలమును ముందుగనే విడిచియుంచుట వాడుక. రెండవది కార్ఖానాలో లక్షల సంఖ్యలో ఒకే అచ్చున తీసినది. ఒక్కొక్క పెట్టెలో వంద రూపాయలు మిగిల్చినను మొత్తముమీద కోట్లు మిగులునని యెరిగిన తయారీదారు, ఆ యంత్రము అమ్ముడుపోవునాటికి దానికి కావలసిన దానికన్న ఒక వాట్టు గాని, ఒక అంగుళము గాని, ఒక తీగ గాని ఊరక పెట్టడు. కావున కార్డు మార్పిడి యనునది కార్డును గూర్చిన ప్రశ్న కానేకాదు. ఇంత పొదుపుతో చేసిన పెట్టెలో తయారీదారు తెలిసియో తెలియకయో మిగిల్చిన దెంత యన్న ప్రశ్న. వేళకాని వేళ చుట్టము వచ్చినపుడు ఇల్లాలు చుట్టము ముఖము చూచుటకు ముందు వంటయింటిలోని గిన్నె మూత తీసి చూచును. మనవారు మాత్రము చుట్టమునే చూతురు. ఏ కార్డు కొందుమా యని నెలలతరబడి తర్కింతురు గాని, స్క్రూ విప్పి పెట్టె మూత తీయరు.

ఈ భ్రమకు చరిత్రలో ఒక కారణము కలదు. 1996లో త్రీడీఎఫ్ఎక్స్ వారి వూడూ కార్డు వచ్చినపుడు, అది ఉన్న కార్డును తొలగింపక, దాని ప్రక్కన మరొక స్లాటులో కూర్చుండి, బయటనుండి ఒక తీగతో దానిని కలుపుకొనెడిది. ఆనాటి కార్డులు స్లాటు ఇచ్చిన కరెంటుతోనే తృప్తిపడెడివి. 1997 నుండి గ్రాఫిక్స్ కొరకే ప్రత్యేకముగ ఏజీపీ స్లాటు వచ్చెను. 1999లో ఎన్‌విడియా వారు జీఫోర్స్ 256ను జీపీయూ అను పేరుతో ప్రచారము చేసి ఆ మాటను లోకమునకు అలవాటు చేసిరి. 2004లో పీసీఐ ఎక్స్‌ప్రెస్ బోర్డులు బజారునకు వచ్చెను. అప్పటినుండి నేటివరకు ఆ పొడవైన స్లాటు ఆకారము మారలేదు. ఇరువదేండ్ల క్రిందటి బోర్డులో నిరుడు చేసిన కార్డు, చోటున్నచో, క్లిక్కుమని కూర్చుండును. ఈ క్లిక్కు శబ్దమే మనలను మోసగించుచున్నది. తాళముచెవి రంధ్రములో దూరినంతమాత్రమున తాళము తెరచుకొనవలెనను నియమము లేదు గదా.

పెట్టెలోని మిగుళ్ళన్నిటిలో మొదట చూడవలసినది, అన్నిటికన్న గడ్డుది, విద్యుత్తు. ప్రమాణము ననుసరించి ఆ స్లాటు ఒక కార్డునకు ఈయగల గరిష్ఠశక్తి 75 వాట్లు. ఇందులో 12 వోల్టులపై 5.5 ఆంపియర్లు, అనగా 66 వాట్లు, తక్కినది 3.3 వోల్టులపై వచ్చును. ఇంతకు మించి కోరు కార్డు తన అంచున వేరొక నోరు తెరచుకొని, పెట్టెకంతటికి కరెంటు పంచు ఎస్‌ఎంపీఎస్ నుండి సూటిగా వచ్చు తీగను అడుగును. ఆరు పిన్నుల తీగ మరి 75 వాట్లను, ఎనిమిది పిన్నుల తీగ 150 వాట్లను మోయును. ఈ హద్దులు కాగితముమీద వ్రాసికొన్న మర్యాదలు మాత్రమే కావనుటకు ఒక ప్రసిద్ధోదాహరణము కలదు. 2016 జూన్‌లో వచ్చిన ఏఎండీ వారి ఆర్‌ఎక్స్ 480కు 150 వాట్లు కావలెనని చెప్పి, స్లాటు 75, ఆరు పిన్నుల తీగ 75 అని లెక్క సరిగా ముగించిరి. కొలచి చూచిన పరీక్షకులకు ఆ కార్డు స్లాటునుండి హద్దు మీరి లాగుచున్నదని తేలెను. సంస్థవారు జూలైలో డ్రైవరును సవరించి ఆ భారమును తగ్గింపవలసివచ్చెను. లెక్క పైసలతో సహా సరిపోయినచోట మిగులు సున్న. అదియునుగాక, నేటి కార్డులు క్షణములో వేయవవంతు కాలముపాటు తమ నామమాత్రపు వాట్లను ఎంతో మించి లాగును. అందుచేతనే 2022 నాటి ఏటీఎక్స్ 3.0 ప్రమాణము, పెద్ద ఎస్‌ఎంపీఎస్ తన ప్రకటితశక్తికి రెట్టింపును అత్యల్పకాలము తట్టుకొనవలెనని విధించెను. కార్యాలయపు పెట్టెలలోని ఎస్‌ఎంపీఎస్‌లు అంతకు ఎంతో ముందటివి.

ఇప్పుడొక పెట్టెను తెరచి చూతము. సీటీసీలో విరివిగా దొరకు డెల్ ఆప్టిప్లెక్స్ 9020 మినీటవరులోని ఎస్‌ఎంపీఎస్ 290 వాట్లది. అదే పేరుగల సన్నని పెట్టెలో 255 వాట్లు. అంతకుముందటి 7010లో ఈ అంకెలు 275, 240. 9020లో సాధారణముగ నుండు ఐ5-4570 ప్రాసెసరు 84 వాట్ల తరగతిది. బోర్డు, డిస్కు, ఫ్యానులు, ర్యాము కలిసి మరి నలుబది యేబది వాట్లు తినునని ఉదారముగ లెక్కించినను, 290లో నూరు వాట్లకు పైగా మిగులుచున్నట్లు కాగితము చెప్పును. ఆ నూరు వాట్లను కార్డువరకు మోసికొనిపోవు తీగ మాత్రము పెట్టెలో లేదు! ఆరు పిన్నుల తీగ అవసరము లేని యంత్రమునకు తయారీదారు దానిని పెట్టలేదు. బావిలో నీరున్నది, చేద లేదు.

చేద లేనివాడు చేయు తప్పును నేను కన్నులార చూచితిని. నా మేనల్లుడు ఇట్టి మినీటవరు నొకదానిని కొని, జీటీఎక్స్ 1650 కార్డును పాతది సంపాదించెను. ఆ కార్డు మూలరూపము 75 వాట్లది; కాని కొన్ని నమూనాలకు వేగము హెచ్చించి, ఆరు పిన్నుల నోరు పెట్టియున్నారు. వానికి దొరకినది అట్టిది. దుకాణదారు, పేరెందుకు గాని, రెండు వందల రూపాయల తీగ యొకటి చేతిలో పెట్టి, ఇది సాటాకు తగిలించు, నడుస్తుంది అని పంపెను. నడచినది కూడ. ఒక ఆదివారము మధ్యాహ్నము భోజనానంతరము నేను కునుకు తీయుచుండగా వాడు వచ్చి లేపెను.

“మామయ్యా, ఏదో కాలుతున్న వాసన వస్తోంది. నీకూ వస్తోందా?”

“కంప్యూటరు ఆపావా?”

“గేము మధ్యలో ఉంది...”

స్విచ్చి కట్టివేసి, మూత తీసి చూడగా, డిస్కునకు కరెంటిచ్చు ఆ పలుచని సాటా కనెక్టరు ఒక మూల గోధుమరంగు తిరిగి, మెత్తబడి, బెల్లపుపాకమువలె వంగియుండెను. కారణము కష్టమైనది కాదు. సాటా కనెక్టరులో 12 వోల్టులకు మూడు పిన్నులు, ఒక్కొక్కటి 1.5 ఆంపియర్లు, మొత్తము 4.5 ఆంపియర్లు, పండ్రెండు చేత హెచ్చవేయగా 54 వాట్లు. దానిని ఆరు పిన్నుల తీగగా మార్చినవాడు, 75 వాట్లు అడుగు హక్కుగల కార్డునకు 54 వాట్ల దారిని చూపుచున్నాడు. ఆ తీగ అమ్ముట నేరము కాకపోవచ్చును. నా మట్టుకు నేను దానిని వంటయింటిలో కారుచున్న గ్యాసుగొట్టముతో సమానముగ చూచెదను.

ఎస్‌ఎంపీఎస్‌నే మార్చిన పోలేదా యని తరువాతి ప్రశ్న. పోవును, పెట్టె అంగీకరించినచో. 7010లో బోర్డునకు పోవునది లోకప్రసిద్ధమైన ఇరువదినాలుగు పిన్నుల తీగయే. 9020 వచ్చునప్పటికి డెల్ వారు దానిని తమ సొంతపు ఎనిమిది పిన్నులుగా కుదించిరి. హెచ్‌పీ వారి కార్యాలయపు యంత్రములలో ఆరు పిన్నులు, లెనోవో వారివానిలో పదునాలుగు, తరువాత పది. ఇది కేవలము గుత్తకోరుతనమని నిందించుట తేలిక గాని న్యాయము కాదు. 12 వోల్టులు మాత్రమే పంపి, తక్కిన వోల్టులను బోర్డు మీదనే తయారుచేసికొన్నచో తక్కువ పనివేళ కరెంటు వృథా తగ్గును. 2020లో ఇంటెల్ వారు ఇదే పద్ధతిని ఏటీఎక్స్12వీఓ అను పేర బహిరంగ ప్రమాణముగ ప్రకటించిరి. ఐనను కొనువానికి దాని ఫలితమొక్కటే: బజారులోని ఎస్‌ఎంపీఎస్ తెచ్చి తగిలించుటకు మధ్య నొక అడాప్టరు తీగ కావలెను. ఈ అడాప్టరులు సాటా తీగవంటివి కావు. మంచివి యేండ్లతరబడి నిరపాయముగ పనిచేయుచున్నవి. సన్నని పెట్టెలలో ఎస్‌ఎంపీఎస్ ఆకారమే వేరగుటచేత ఆ మార్గమును మూతపడును. ఇక క్రొత్త ఎస్‌ఎంపీఎస్ కొనుచున్నపుడు డబ్బామీది పెద్ద అంకెను నమ్మరాదు. చీటీపై 12 వోల్టుల వరుసలో ఎన్ని ఆంపియర్లున్నవో చూడవలెను. 30 ఆంపియర్లన్నచో 360 వాట్లు; కార్డును ప్రాసెసరును బ్రతుకునది ఆ అంకెమీదనే.

మన యూళ్ళలో దీనికి మరియొక మెలిక కలదు. వేసవిలో కరెంటు పోవుట యెరిగిన ప్రతి గృహస్థుడును కంప్యూటరు క్రింద నొక యూపీఎస్ నుంచును. అది తరచుగ 600 వీఏది, అనగా వాట్లలో సుమారు 360. కార్యాలయపు పెట్టె, మానిటరు కలిసి నూరు నూటయేబది వాట్లు తాగునంతకాలము అది పది నిమిషములు కాపాడెను. కార్డు వచ్చి ఆటలో మునిగియున్నవేళ కరెంటు పోయినచో, కీచుమని యొక కేక పెట్టి అదియు చీకటిలో కలిసిపోవచ్చును. కార్డు ధర లెక్కించువారు యూపీఎస్‌ను లెక్కలో చేర్చుట నేను చూడలేదు.

తరువాతిది చోటు. దీనిని టేపుతో కొలచిన చాలును గనుక విస్తరింపను. పూర్తి ఎత్తు కార్డునకు వెనుకనుండు ఇనుపరేకు 120 మిల్లీమీటర్లు. లో ప్రొఫైల్ అను పొట్టికార్డునకు 79. స్లాటునకు స్లాటునకు నడుమ దూరము 20 మిల్లీమీటర్లకు కొంచెము పైన. నేటి కార్డులు పెక్కు రెండు స్లాటుల మందము గలవి. మినీటవరులో పొడవునకు డిస్కుపంజరము అడ్డుపడవచ్చును. నిజమైన చిక్కు సన్నని పెట్టెలలోనిది: 7010, 9020 సన్నరకములలో సమాచారమునకు పదునారు దారులుగల స్లాటు ఎస్‌ఎంపీఎస్ నానుకొని యుండుటచేత, పొట్టిది మాత్రమే కాక, ఒక్క స్లాటు మందము మాత్రమే గల కార్డు కావలెను. అట్టివి బహు స్వల్పము. ఇది యెరుగక పొట్టికార్డే గదాయని రెండు స్లాటులది తెప్పించుకొని, తిరిగి పంపలేక, మిత్రులకు అంటగట్టజూచువారు కలరు. పెట్టె కొనునాడే సన్ననిదానికన్న మినీటవరు నెన్నుకొనుమని చెప్పుట, ఈ వ్యాసములో నేను ఇచ్చు సలహాలన్నిటిలో చౌకయైనది.

స్లాటులోని దారుల సంగతి దీనికన్న సూక్ష్మము. పీసీఐ ఎక్స్‌ప్రెస్ మూడవతరములో ఒక్కొక్క దారి సెకనుకు సుమారు ఒక గిగాబైటు మోయును, నాల్గవతరములో రెట్టింపు. 2013 నాటి యంత్రములో మూడవతరపు దారులు పదునారు, మొత్తము సుమారు 16 గిగాబైట్లు. పాత జీటీఎక్స్ 1650 ఆ పదునారింటిని వాడుకొనును. 2022లో వచ్చిన ఆర్‌ఎక్స్ 6400, 6500 ఎక్స్‌టీ కార్డులు నాల్గవతరపువైనను నాలుగే దారులతో వచ్చినవి. క్రొత్త బోర్డులో వానికి ఎనిమిది గిగాబైట్లు దొరకును. పాత బోర్డులో నాలుగే. వీని సొంత మెమరీ నాలుగు గిగాబైట్లు మాత్రమే గనుక, ఆట దానిని మించినపుడెల్ల సామగ్రిని ర్యామునుండి ఆ యిరుకుసందు గుండనే తెచ్చుకొనవలసివచ్చును, దృశ్యము తటపటాయించును. పాత పెట్టెలవారికే పనికివచ్చునట్లు కనబడు చౌకకార్డు, పాత పెట్టెలోనే అన్నిటికన్న ఎక్కువ నష్టపోవుచున్నది. ఐనను న్యాయముగ మరియొక మాట చెప్పవలెను: 53 వాట్లు, ఒక్క స్లాటు మందము, పొట్టి రేకు, ఈ మూడును ఒక్కచోట కూడిన ఆటల కార్డు, సన్నని పెట్టెవానికి, ఆర్‌ఎక్స్ 6400 కాక మరియొకటి చూపుట కష్టము. వీడియో ఎన్‌కోడరు సైతము లేని ఆ కార్డును పొగడుటకు నాకు నోరు రాదు. గతిలేనివానికి దానిని వలదనుటకు మనసు రాదు.

ఇంటెల్ వారి ఆర్క్ ఏ380 మరియొక రీతిగ నిరాశపరచును. వాట్లు 75, వెల మితము, మెమరీ ఆరు గిగాబైట్లు, అన్నియు బాగుగనే యున్నవి. కాని రీసైజబుల్ బార్ అను సదుపాయము బోర్డులో లేనిచో అది కుంటును. ఆ సదుపాయము పదేండ్ల క్రిందటి కార్యాలయపు యంత్రములలో నుండదు.

ఇక బయాస్, అనగా యంత్రమును మేలుకొలుపు బోర్డులోని ప్రోగ్రాము. విండోస్ 8 వచ్చిన 2012 ప్రాంతమున బ్రాండెడ్ యంత్రములు పాత బయాస్‌ను విడిచి యూఈఎఫ్ఐకి మారినవి. ఆ సంధికాలమునకు ముందటి పెట్టెలలో క్రొత్త కార్డు పెట్టినపుడు, ఫ్యాను తిరుగును, దీపము వెలుగును, తెర మాత్రము నల్లగా నుండును. డిస్‌ప్లే రాలేదు అను మాట మన సర్వీసు దుకాణములలో రోజుకు ఎన్నిమారులు వినబడునో! ఒక మిత్రుని 2011 నాటి పెట్టెతో నేను రెండు సాయంకాలములు కుస్తీపట్టితిని: బయాస్ నవీకరించితిని, బోర్డుమీది బిళ్ళబ్యాటరీ తీసి పెట్టితిని, కార్డును వేరొక యంత్రములో పెట్టి బాగుగనే యున్నదని తేల్చుకొంటిని, ఆ పెట్టె మాత్రము దానిని గుర్తింపనే లేదు. అది యే సంస్థదో చెప్పి ప్రయోజనము లేదు, ఆ కాలపు పెట్టెలు పెక్కు అట్టివే. 2012కు ముందటి యంత్రములో కార్డు వేయదలచినవాడు తిరిగి తీసికొందునని మాట యిచ్చిన దుకాణమునందే కొనవలెను.

విద్యుత్తు, చోటు, దారి, బయాస్ ఇన్నియు దాటిన పిమ్మట ప్రాసెసరున్నది. ఐ5-4570లో కోరులు నాలుగు, థ్రెడ్లును నాలుగే. 2020లో వచ్చిన ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ ఎనిమిది కోరులతో వచ్చినవి; నాటినుండి పెద్ద ఆటలు వానిని దృష్టిలో నుంచుకొనియే వ్రాయబడుచున్నవి. కావున నాలుగు కోరుల పెట్టెలో పెద్ద కార్డు పెట్టినచో, సగటు వేగమును సూచించు అంకె బాగుగనే యుండి, మధ్యమధ్య ఆట బిగుసుకొనును. గుర్రము మేలుజాతిది, బండి యిరుసు విరిగినది. ఇచట నా కొక పాత ఫిర్యాదు కలదు. బ్రాండెడ్ పెట్టెలలో తరచుగ ర్యాము ఒక్క కర్రగనే యుండును. రెండవ కర్ర పెట్టినచో రెండు మార్గములు తెరచుకొని, ప్రాసెసరులోని సొంత గ్రాఫిక్సు చెప్పుకోదగినంత చురుకగును. పాఠములు, వీడియోలు, పాత ఆటలు ఇంతే కోరిక యైనవారు కార్డు మాట యెత్తకమునుపు ఆ కర్రకు వెచ్చించి చూడవలెను. ఈ సలహా విన్న దుకాణదారు ముఖము వాడుట కూడ చూడవచ్చును.

ఇన్ని వడపోతల పిమ్మట మిగులునది 75 వాట్లకు లోబడిన కార్డుల చిన్న వంశము. 2014 ఫిబ్రవరిలో వచ్చిన జీటీఎక్స్ 750 టీఐ, 60 వాట్లతో, వేరు తీగ లేకుండ, ఆనాటి ఆటలను ఆడించి, కార్యాలయపు పెట్టెలకు క్రొత్త జన్మమిచ్చెను. ఈ వంశమునకు మూలపురుషుడు అదియేనని చెప్పదగును. 2016 అక్టోబరులో 1050 టీఐ, 2019 ఏప్రిల్‌లో 1650 దానిని అనుసరించెను. 2021లో వృత్తిపనులవారికై వచ్చిన ఆర్‌టీఎక్స్ ఏ2000, 70 వాట్లలో పొట్టి ఆకారమున, బహు సమర్థము. వెల మాత్రము దాని బిరుదమునకు తగినట్లున్నది. 2024 ఫిబ్రవరిలో ఆరు గిగాబైట్ల ఆర్‌టీఎక్స్ 3050 అదే 70 వాట్లతో వచ్చినది. దాని నమూనాలలో చాలావానికి తీగ అక్కరలేదు, పొట్టివియు దొరకును. దీనికి ఎనిమిది గిగాబైట్ల అన్న యొకడున్నాడు. పేరు ఒక్కటే, చిప్పులోని బలము వేరు, తీగ అవసరమును వేరు. ఒకే పేరుతో రెండు సరకులమ్ము ఈ వాడుకకు పరాకాష్ఠ జీటీ 1030: 2017లో జీడీడీఆర్5 మెమరీతో వచ్చి సెకనుకు 48 గిగాబైట్లు కదిలించిన కార్డు, మరుసటి యేట అదే పేరుతో డీడీఆర్4 తగిలించుకొని 16.8కి దిగిపోయెను. డబ్బామీద పేరు పెద్ద అక్షరములలో, మెమరీ జాతి చిన్న అక్షరములలో!

ఇవి పాతవే ఎక్కువగా చేతులు మారును గనుక పాతబజారు మాటయు చెప్పవలెను. 2020, 2021లలో ఎథీరియం తవ్వకమువారు కార్డులను మూటలుగ ఎత్తుకొనిపోవుటచేత సామాన్యునికి దొరకలేదు. 2022 సెప్టెంబరు 15న ఎథీరియం ఆ పద్ధతిని మానుకొనగనే అవే కార్డులు బజారునిండ దిగబడెను. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి యన్న సామెతకు రెండేండ్లలో రెండు పాదములును ఋజువైనవి. తవ్వకములో వాడిన కార్డు చెడినదే యనుట మూఢత. ఫ్యాను అరుగుట, వేడిపేస్టు ఎండుట నిజము, అవి రెండును మార్చుకొనదగినవి. అసలు భయము నకిలీలది. ఏనాటిదో ఫెర్మి అను పాత తరమునకు చెందిన కార్డులోని బయాస్‌ను మార్చి 1050 టీఐ యని నమ్మించి అమ్ముట యెంతగా ప్రబలెననిన, జీపీయూ-జెడ్ అను పరీక్షా ప్రోగ్రాము 2018లో నకిలీని కనిపెట్టు ఏర్పాటును చేర్చుకొనవలసివచ్చెను. పాతకార్డు కొనువాడు డబ్బు చేతికిచ్చుటకు ముందు ఆ ప్రోగ్రామును తన కన్నుల యెదుట నడిపింపుమని అడుగుటకు మొగమాటపడరాదు.

ఆటలకొరకే చేసిన బ్రాండెడ్ పెట్టెల విషయము వేరు. వానిలో తీగయు బలమును సాధారణముగ నుండును. అక్కడ చూడవలసినవి కార్డు పొడవు, గాలి వచ్చు త్రోవ, పదునారు పిన్నుల క్రొత్త కనెక్టరు. 600 వాట్లవరకు మోయునని వచ్చిన ఈ కనెక్టరు, 2022 అక్టోబరులో ఆర్‌టీఎక్స్ 4090 కార్డులపై కరగుచున్నట్లు వార్తలు వెలువడుటతో లోకము నోట బడెను. మరుసటి యేడు దాని పిన్నుల పొడవులను సవరించిరి. పూర్తిగ లోపలికి నొక్కక, వంచి మూత బిగించుట అందు ప్రధానదోషము. ప్రక్కరేకు కార్డునకు దగ్గరగా నుండు సన్నని పెట్టెలో తీగ వంగక తప్పదు.

ఇన్ని చిక్కుల నడుమ, కార్డు లేకయే గడుపు మార్గమును పరిశీలింపవలెను. 2021 నాటి రైజెన్ 5 5600జీ, 2024 జనవరిలో వచ్చిన రైజెన్ 7 8700జీ ప్రాసెసరులలోని సొంత గ్రాఫిక్సు, పది పదేను వేల కార్డు పని కొంతవరకు చేయును. వానికి క్రొత్త బోర్డు, క్రొత్త ర్యాము కావలెను. కావున ఇది మార్పిడి కాదు, క్రొత్త సంసారము. నా అభిప్రాయము దాచను: పెట్టె మినీటవరైయుండి, 2013 తరువాతిదైయుండి, తీగ లేకుండ 75 వాట్లలోపు కార్డుతో తృప్తిపడగలిగినచో, వేయుడు. అంతకన్న ఒక మెట్టు పైకి పోవలెనని యున్నచో, ఎస్‌ఎంపీఎస్, అడాప్టరు, యూపీఎస్, కార్డు అని ఒక్కొక్కటిగ చేర్చుచు పోవుటకు బదులు ఆ పెట్టెను వచ్చిన వెలకు అమ్మి, అసెంబుల్డు యంత్రమునకు పునాది వేసికొనుడు. నడిమి మార్గమున నడచినవారిలో సంతోషించినవారిని నేను కొద్దిమందినే యెరుగుదును. వారికి చేతిపని వచ్చును, కూర్చుటలోని ఆనందమే వారికి ఫలము.

ఈ తీర్పునకు ఇటీవల గడియారమొకటి తోడైనది. 2025 అక్టోబరు 14న విండోస్ 10కు సాధారణసేవ ముగిసెను. విండోస్ 11 ఇంటెల్ ఎనిమిదవతరమునకు ముందటి ప్రాసెసరులను అధికారికముగ అంగీకరింపదు. అదే నెలతో ఎన్‌విడియా వారు 750 టీఐ, 1050 టీఐ తరములకు క్రొత్త ఆటల డ్రైవరులను నిలిపి, 2028 అక్టోబరువరకు రక్షణ సవరణలు మాత్రమే యిత్తుమనిరి. నాల్గవతరపు ఇంటెల్ ప్రాసెసరుగల పెట్టెలో 1050 టీఐ అను జంట, ఒకనాడు ఈ రంగమున ఆదర్శదాంపత్యమని చెప్పబడినది, ఒక్క నెలలో ఇరువైపుల ముసలిదయ్యెను. నేడు రీఫర్బిష్డ్ కొనువాడు ఎనిమిదవతరమునకు తగ్గరాదు. కార్డు కొనువాడు 1650కు తగ్గరాదు.

మా వాడు కరగిన తీగను పారవేసి, ఆరు పిన్నుల కార్డును నష్టమునకు అమ్మి, తీగ అక్కరలేని 1650 నమూనానే తెచ్చెను. ఈసారి కరెంటు తీగ ఊడదీసి, పవర్ బటను ఒకమారు నొక్కి మిగిలిన విద్యుత్తును దింపి, క్యాబినెట్టు ఇనుమును చేతితో తాకి, స్లాటు చివరి ప్లాస్టిక్ కొక్కెమును వెనుకకు వంచి, రెండు బొటనవ్రేళ్ళతో సమముగ నొక్కి కూర్చుండబెట్టెను. కొక్కెము తనంతట పైకి లేచెను. స్విచ్చి వేసితిమి, తెర నల్లగనే యుండెను. వాని ముఖము చూడలేక వెనుకకు వంగి చూచితిని: మానిటరు తీగను అలవాటుచొప్పున బోర్డు రంధ్రమునందే గ్రుచ్చియున్నాడు. క్రిందనున్న కార్డు రంధ్రమునకు మార్చగనే డిస్‌ప్లే వచ్చెను.

మొన్న వాడు స్నేహితుని యింటినుండి ఫోను చేసెను.

“మామయ్యా, వీడికీ కార్డు కావాలట. మూత తీశాను. స్టిక్కరు మీద ట్వెల్వ్ వోల్ట్ దగ్గర పదహారు ఆంపియర్లని ఉంది. ఆరు పిన్నుల తీగ లేదు. పక్కన డిస్కు పంజరం ఉంది, స్కేలు పెట్టి కొలవమంటావా?”

“కొలు. సాటా తీగలు ఎన్ని ఖాళీగా ఉన్నాయి?”

“రెండు. కానీ వాటి సంగతి నేను అడగనులే.”